మనం ఏ అంతస్తులో ఉన్నాం?

"రజిత ఏమంటోంది?" అని మా చీఫ్ అడిగారు.

"ఏమీ అనలేదు సార్," అన్నాను.

రజిత అన్నది. ముందురోజు సాయంత్రం క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చెప్పింది. తను పండక్కి ఊరెళ్తోంది కాబట్టి, మీటింగులో తన అభిప్రాయం నన్నే చెప్పమని అడిగింది. చెప్తానన్నాను. చెప్పలేదు. మీటింగులో ఆ సంగతి అర నిమిషంలో ముగిసిపోయింది. ఒక ముసలాయన మాటకు విలువ లేకుండా పోవడానికి ఆ అర నిమిషం చాలింది.

పెద్దవాళ్ల మతిని పరీక్షించడం నా ఉద్యోగం. హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోని మెమరీ క్లినిక్‌లో సైకాలజిస్టుగా చాలా ఏళ్లు పనిచేసి, అరవై నిండకుండానే మానుకున్నాను. వీడ్కోలు రోజున శాలువా కప్పి, ఎందరో వృద్ధులకు ఆసరాగా నిలిచిన మనిషి అన్నారు. తల వంచుకుని కప్పించుకున్నాను. ఆ తర్వాత ఈ వృత్తిలోకి వస్తున్న ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడిగారు. ఆ రోజు వాళ్లకి కాఫీ ఇచ్చి, పుస్తకాల పేర్లు నాలుగు చెప్పి పంపేశాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

పని ఎలాంటిది

హైటెక్ సిటీ అంటే మెడలో ఐడీ కార్డుల కుర్రకారే అందరికీ కనిపిస్తారు. నాకు కనిపించింది వాళ్ల చెయ్యి పట్టుకుని మా లిఫ్టులోంచి నెమ్మదిగా బయటికి అడుగుపెట్టే మనుషులు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి కొడుకుల ఫ్లాట్లకి, కూతుళ్ల ఫ్లాట్లకి వచ్చి చేరినవాళ్లు కొందరు. ఈ రోడ్లు, ఈ మేడలు రాకముందు నుంచీ ఇక్కడే పుట్టి, ఇక్కడే పొలం దున్నినవాళ్లు కొందరు. మూడో రకం వాళ్లు మా గదిదాకా రారు. మా ఆసుపత్రి కింద పార్కింగులో విజిల్ వేసే గార్డు ఒకాయనకి అరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. జుట్టుకి రంగు వేసుకుని యాభై అని చెప్పేవాడు. ఏ కారు ఎక్కడ పెట్టించాడో ఆయన మరిచిపోతుండటం నేను చూశాను. మా పరీక్షకి రమ్మని ఎవరూ ఆయన్ని పిలవలేదు. ఆయన మరిస్తే ఉద్యోగం పోతుందంతే, దానికి జబ్బు పేరు ఉండదు.

డెబ్బై ఏళ్లు అందరికీ ఒకటే డెబ్బై కాదని పుస్తకాల్లో చదివి పాసయ్యాను. గదిలో మాత్రం అందరికీ ఒకే కాగితం చదివేవాణ్ని.

ఆ కాగితం నాదే. చీఫ్ అంటే మా విభాగపు పెద్ద డాక్టరుగారు. ఆయన ఇంగ్లీషులో తయారుచేసుకున్న ప్రశ్నల్ని తెలుగులో పెట్టమని నాకు అప్పగించారు. రెండు నెలలు కూర్చుని చేశాను. నాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మ మాట్లాడే తెలుగులో, ఆపైన కాస్త ఇస్త్రీ చేసి రాశాను. ఈ రోజు ఏ తేదీ, మనం ఏ జిల్లాలో ఉన్నాం, ఏ అంతస్తులో ఉన్నాం అని మొదలవుతుంది. తర్వాత మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే పని చేయించి, ఆ మూడూ తిరిగి చెప్పమని అడగాలి. నేను ఎంచిన మూడు మాటలు బంగాళాదుంప, దుప్పటి, గుమ్మం. కాగితంలో ఉన్న మాటే రావాలి, వేరే మాట వస్తే సున్నా. ఆ నియమం పెట్టింది కూడా నేనే. నియమం గట్టిగా ఉంటే శాస్త్రం గట్టిగా ఉంటుందనుకునేవాణ్ని.

చీఫ్ ఆ కాగితాన్ని చూసి "చక్కటి తెలుగు ప్రసాద్" అన్నారు. నా జీతం పెరిగినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

పాసైపోయిన మాస్టారు

మొదటి దెబ్బ మావైపు మనిషి నుంచే తగిలింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి ఒక రిటైర్డు లెక్చరరుగారు భార్యతో వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక్క ప్రశ్న కూడా తప్పలేదు. వందలోంచి ఏడు తీసుకుంటూ వెళ్లమంటే నేను ఆపేదాకా వెళ్లారు. గుమ్మం అన్న మాటకి రెండు పర్యాయపదాలు కూడా చెప్పారు.

భార్య మాత్రం కుర్చీ అంచున కూర్చుని, "రాత్రిపూట గ్యాస్ ఆపారో లేదో నాలుగుసార్లు చూస్తారండి. మా పెద్దాడి పేరు తమ్ముడికి పెట్టి పిలుస్తున్నారు. కోపం కూడా కొత్తగా వస్తోందండి," అంది.

"వయసులో అవి మామూలేనమ్మా. మార్కులు చూడండి ఎంత బాగా వచ్చాయో," అన్నాను.

రెండేళ్లకి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆయన్ని ఇంట్లో మనిషిని పెట్టి చూసుకుంటున్నారట, తన ముఖం కూడా గుర్తుపట్టడం లేదట. నన్ను తప్పుపట్టడానికి రాలేదు, మందుల గురించి వచ్చింది. వెళ్తూ వెళ్తూ అంది, "జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషి కదండీ. మీదీ ఒకటి పాసైపోయారు."

ఇది గుర్తుపెట్టుకోండి. చదువుకున్నవాడికి జబ్బు చాలాకాలం దాక్కోవడానికి చోటు ఉంటుంది. చదువు లేనివాడికి లేని జబ్బు కూడా అంటగట్టవచ్చు. మార్కు చెప్పేది సగం, మిగతా సగం పక్కన కూర్చున్న భార్య చెబుతుంది. నేను ఆవిడ చెప్పింది విని ఉండాల్సింది. కానీ ఆవిడ చెప్పింది వింటే నా కాగితం ఓడిపోయినట్టు.

గోడ అవతలి నవ్వు

రజిత మా క్లినిక్‌లో చేరినప్పుడు నాకు సంతోషమే. పని ఎక్కువై ఉన్నాం. శంకర్‌పల్లి వైపు అమ్మాయి, ముప్ఫై దాటలేదు, యూనివర్సిటీలో మొదటి ర్యాంకు. స్కూటీ మీద వచ్చేది. తన గదికీ నా గదికీ మధ్య ప్లైవుడ్ చెక్క. మాటలు వినిపించవు గానీ నవ్వులు వినిపిస్తాయి.

నా గదిలో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అది నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె బల్లకి ఎదురుగా కూర్చునేది కాదు. వచ్చినవాళ్ల పక్కకే కుర్చీ జరుపుకునేది. "తాతా, పొద్దుగాల ఏం తిన్నవ్?" అని మొదలుపెట్టేది. రొట్టె గురించి, మోకాళ్ల గురించి, కోడలి గురించి మాట్లాడుతూనే ప్రశ్నలన్నీ అడిగేసేది. వాళ్లకి పరీక్ష అయిపోయిందనే తెలిసేది కాదు. "ఇంకెప్పుడు పరీచ్చ జేస్తవ్ బిడ్డా?" అని అడిగి వెళ్లిన ముసలమ్మని నేను స్వయంగా చూశాను.

నెమ్మదిగా రిసెప్షన్‌లో అడగడం మొదలైంది. "రజితమ్మ లేదా? మేం కూసుంటం. వచ్చేదాంక ఉంటం." నా గది ఖాళీగా ఉన్నా సరే, కూసుంటం అనేవాళ్లు. తలుపు సందులోంచి ఆ బెంచీ చూసేవాణ్ని. ఎవరో సీతాఫలాలు తెచ్చారు. ఎవరో సకినాలు తెచ్చారు. ఆమె అన్నీ స్టాఫ్‌కి పంచేది, నాకు కూడా. తినేవాణ్ని కాదు, షుగరుందని చెప్పేవాణ్ని. నాకు షుగర్ లేదు.

అసూయకి బయటికి చెప్పుకోదగిన కారణం ఒకటి దొరికితే చాలు, అది గౌరవంగా కనిపిస్తుంది. నాకు దొరికిన కారణం 'నువ్వు'. మావైపు పెద్దవాళ్లని మీరు, అండి అనకపోతే తప్పు. ఆమె ఊళ్లో తాతని నువ్వు అనడమే దగ్గరితనం. మీరు అంటే పరాయివాణ్ని చేసినట్టు. నాకా తేడా తెలుసు. హైదరాబాదులో అన్నేళ్లుండి తెలియకపోవడానికి వీల్లేదు. అయినా ఒకరోజు ఒక రిటైర్డు ఇంజనీరుగారి భార్య, మావైపావిడే, "ఆ అమ్మాయి నన్ను నువ్వు అంటోందండీ. మా పనమ్మాయి కూడా అలా అనదు," అని నొచ్చుకుంటే, దాన్ని పట్టుకుని చీఫ్ దగ్గరికి వెళ్లాను.

"ఎంతమంది చెప్పారు?" అన్నారాయన.

"చాలామంది అంటున్నారు సార్," అన్నాను. చెప్పింది ఒక్కావిడ.

రజితని పిలిచి మందలించారు. సాయంత్రం తను నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "సార్, ఆంధ్ర అమ్మమ్మలను మీరు అంటనే ఉన్న. ఆ రోజు అలవాటుల నోరుజారింది. మీకెవలన్న ఏమన్న చెప్తే నాకు చెప్పుండ్రి సార్, దిద్దుకుంట," అంది. నేనే చెప్పానని ఆమెకి అనుమానం కూడా లేదు. నన్ను పెద్దదిక్కు అనుకుంది. దానికి కూడా నాకు కోపం వచ్చింది.

ఆలుగడ్డ, చెద్దరు, దర్వాజ

సత్తయ్యగారిది నార్సింగి. డెబ్బై అయిదు దాటిన మనిషి, తెల్లటి ధోవతి, భుజాన తువ్వాల. పొలం అమ్మగా వచ్చిన డబ్బుతో కొడుకు నాలుగంతస్తుల ఇల్లు కట్టి, పైవి ఐటీ పిల్లలకి కిరాయికిచ్చాడు. సత్తయ్యగారు ఊళ్లో పెద్దమనిషి. పాలోళ్లలో, అంటే వాళ్ల దాయాదుల్లో, పెళ్లి మాటైనా పంపకాల తగువైనా ఆయన్ని కూర్చోబెట్టి ఆయన చెప్పిందే ఖాయం చేసుకునేవారు.

కొడుకు నర్సింహ ఆయన్ని తీసుకొచ్చాడు. పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్యకి, తండ్రి ఇంట్లోంచి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన తిరుగుతుంటే పోలీసులు తెచ్చి దింపారు. "ఇంటి తొవ్వ మర్సిపోయిండు సార్. మస్తు పరేషాన్ అయినం," అన్నాడు.

నిజానికి ఆయన వెళ్లింది భార్య సమాధి దగ్గరికి. అమ్మిన పొలం మూలన ఆమెని పెట్టారు. పెద్దల పండగ నాడు అక్కడ దీపం పెట్టడం ఆనవాయితీ. ఇప్పుడా పొలం చుట్టూ కాంపౌండు గోడ లేచింది. గేటు దగ్గర ఏ ఫ్లాటుకి వెళ్లాలని అడిగారు. ఫ్లాటు కాదు, నా పెండ్లాం దగ్గరికి అన్నాడు. పంపలేదు. గోడ పక్కన ఇంకో దారి ఉంటుందని చుట్టూ నడుస్తూ పోయాడు. ఇదంతా ఆ రోజే బయట బెంచీ మీద రజిత అడిగితే ఆయన చెప్పాడు. నేను దారి తప్పారా అని మాత్రం అడిగాను. ఆయన "తొవ్వ తప్పలే, తొవ్వ లేదు" అన్నాడు. నేను 'తప్పారు' అని రాసుకున్నాను.

వరుసలో నాకు పడ్డ మనిషి. నా పద్ధతిలోనే, బల్లకి ఎదురుగా, మొదలుపెట్టాను.

"ఈ రోజు తేదీ చెప్పండి."

"తారీఖు తెల్వదు సారూ. పెత్రమాస ఎల్లి వారమాయె. ఎల్లుండి సద్దుల బతుకమ్మ."

తిథి లెక్క సరిగ్గానే ఉంది. సున్నా వేశాను.

"మనం ఏ జిల్లాలో ఉన్నాం?"

"జిల్లాలు మీరు మారుస్తుంటిరి. నా ఊరైతే నార్సింగే."

"మనం ఇప్పుడు ఏ అంతస్తులో ఉన్నాం?"

"మా అంతస్తేందో చూస్తే తెలుస్తలేదా సారూ. ఎవుసం జేసి బతికినోళ్లం. భూములు వోయినంక పైసలొచ్చినయ్. అంతస్తు రాలె."

కొడుకు ఇబ్బందిగా నవ్వాడు. నేను 'ప్రశ్న గ్రహించలేదు' అని రాశాను.

తర్వాత మూడు మాటలు చెప్పాను. వెంటనే తిరిగి అన్నాడు. వందలోంచి ఏడు తీయమన్నాను. "ఎందుకు తియ్యాలె? ఎవలికియ్యాలె?" అన్నాడు. బొమ్మ గీయించాను. కాసేపయ్యాక ఇందాకటి మూడు మాటలు చెప్పమన్నాను.

"ఆలుగడ్డ. చెద్దరు. దర్వాజ."

తడుముకోలేదు. వరుస కూడా తప్పలేదు. బంగాళాదుంపని ఆయన ఇంట్లో ఏమంటారో, దుప్పటిని ఏమంటారో, గుమ్మాన్ని ఏమంటారో ఆ మాటలే చెప్పాడు. నా మాటల్ని పారేసి, వాటి వెనకున్న వస్తువుల్ని జాగ్రత్తగా మోసుకొచ్చాడు. కాగితంలో ఉన్న మాట రాలేదు కాబట్టి మూడు సున్నాలు.

మర్నాడు ఆ మార్కులు చూసి రజిత క్యాంటీన్లో నన్ను పట్టుకుంది.

"సార్, తాత మూడు చెప్పిండు గదా. ఆలుగడ్డ అంటే బంగాళాదుంప కాదా?"

"పేపర్లో ఉన్న మాటే రావాలి."

"పేపర్ ఎవలు రాసిన్రు సార్?"

"నేనే."

"అందుకే మిమ్మల్నే అడుగుతున్న. తాత వయసోళ్లు మా ఊర్ల బంగాళాదుంప అనరు సార్. కొంతమంది ఆ మాటే ఇనలేదు. ఇది మతి పరీచ్చనా, గుంటూరు భాష పరీచ్చనా?"

వెక్కిరించడానికి అనలేదు, నవ్వుతూ అంది. పక్క బల్లమీది ఇద్దరు నర్సులు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ప్లైవుడ్ అవతల రోజూ వినిపించే నవ్వులాగే ఉంది, ఈసారి నామీద.

"తాతకు జబ్బు లేదు సార్. నేను మాట్లాడిన, మంచిగున్నడు. రేపు మీటింగుల జర మీరే చెప్పుండ్రి. సద్దులకు ఇంటికి పోతున్న, లేకుంటే నేనే చెప్తుంటి."

"చెప్తాను," అన్నాను.

మర్నాడు ఏం చెప్పానో మొదట్లోనే రాశాను. చీఫ్ మంచి డాక్టరు. వినేవారు. ఇంకో అభిప్రాయం ఉందని తెలిస్తే మళ్లీ పిలిపించేవారే. అది తెలుసు గనకే చెప్పలేదు. సత్తయ్యగారికి డిమెన్షియా మొదటి దశ అని నిర్ణయమైంది.

పండగ అయ్యాక రజిత వచ్చి, "చెప్పిన్రా సార్?" అంది.

"చెప్పాను. చీఫ్ ఒప్పుకోలేదు."

రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. ఆమె చీఫ్‌తో మునుపటిలా ఉండలేకపోయింది. తన మాట వినని చోట ఎందుకని ఆరునెలలు తిరక్కుండా మానేసింది. ప్లైవుడ్ అవతల నిశ్శబ్దమైంది. హాయిగా ఉంటుందనుకున్నాను.

ఈయన మాట పట్టాల్నా

ఏడాదికి సత్తయ్యగారు మళ్లీ పరీక్షకి వచ్చారు. ఆ పొద్దున్నే చీఫ్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, రజిత పనిచేస్తున్న కొత్త చోట తెలంగాణ పల్లె మాటలతో వేరే ప్రశ్నలు తయారుచేసిందని, బాగున్నాయట, తెప్పిస్తానని అంటుంటే విన్నాను. నా కాగితం తీసేస్తారన్నమాట. ఆ మంటతోనే గదిలోకి వచ్చి కూర్చున్నాను.

ముసలాయన అటూ ఇటూ చూసి, "ఆ బిడ్డ ఏది సారూ? నువ్వని పిలుస్తుండె," అన్నాడు.

"మానేసిందండి."

"అయ్యో. మంచి పిల్ల. నా మాట ఆమెకు సమజయితుండె."

నేను కాగితం తీశాను. అంతస్తు ప్రశ్న దగ్గర ఆయన నవ్వాడు. "గదే అంతస్తుల ఉన్నం. నువ్వు గుండ్రం తిరిగే కుర్సీల, నేను స్టూల్ మీద." తర్వాత మూడు మాటలు చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"మళ్ల గవే మూడు గదా. ఆలుగడ్డ, చెద్దరు, దర్వాజ."

ఏడాది కిందటి మాటలు. నేను ఇంకా నోరు విప్పలేదు.

మీలో ఎవరైనా ఈ ఉద్యోగంలోకి వస్తే, ఇలాంటి క్షణం ఒకటి రావచ్చు. ఎదుటి మనిషి మీ పరీక్షనే తిరగేసి మీ చేతిలో పెడతాడు. అప్పుడు పెన్ను కింద పెట్టాలి. నేను పెట్టలేదు.

నర్సింహ ముందుకి వంగాడు. "సార్, ఒకటి అడుగుతా. అమ్మ సమాధిని జరపమని బిల్డరోళ్లు అంటున్రు. అక్కడ పార్కు వస్తదంట. పాలోళ్లందరు సరే అన్నరు. నాయిన ఒక్కడే వద్దంటున్నడు. పాతరోజులైతే ఈయన కాదంటే అయ్యేది కాదు. ఇప్పుడు మరి..." తండ్రి వంక చూసి గొంతు తగ్గించాడు. "ఈయన మాట పట్టాల్నా, ఇడ్సిపెట్టాల్నా సార్?"

గొంతు తగ్గించినా ఆయనకి వినిపించింది. "అడుగు బిడ్డా, మంచిగ అడుగు. నాకు మతి ఉన్నదో లేదో సారే చెప్పాలె," అని, తువ్వాల ఒళ్లో పెట్టుకుని, నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఎదురుచూశాడు.

ఉంది అంటే ఏడాదిగా ఎందుకు లేదన్నావని అడుగుతారు. చీఫ్ దాకా వెళ్తుంది. రజిత చెప్పిందే నిజమైందని తేలుతుంది. 'నా మాట ఆమెకు సమజయితుండె' అని ఆయన అన్నది ఇంకా చెవిలో గుయ్యిమంటోంది.

"డాక్టరుగారు రాసిందే ఉంది కదా. అందులో మార్పేం లేదు," అన్నాను.

సత్తయ్యగారు తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు. మందులకి వచ్చినప్పుడు నర్సింహ తర్వాత చెప్పాడు, సమాధి జరిపించారని. "ఆ రోజు అడ్డంగ పండుకున్నడు సార్. మనుషులు లేపి పక్కన కూసోబెట్టిన్రు. మతి లేదు గదా, ఎవలేమంటరు." అతను చెడ్డవాడు కాదు. నా నోటి నుంచి వచ్చిన మాటనే నమ్మాడు.

చెప్పిన మాట

ఉద్యోగం మానేశాక మా కాలనీ పార్కులో నాకంటే పెద్దవాళ్లతో కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకరోజు మా అబ్బాయి ఒక పేరు అడిగితే గుర్తురాలేదు. వాడు చాలా మామూలుగా, "పర్లేదు నాన్నా, వదిలేయండి," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ రోజంతా నేనేం చెప్పినా ఇంట్లో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నట్టు అనిపించింది. ఒక్క రోజుకే నాకు ఊపిరాడలేదు.

రజిత చందానగర్‌లో సొంతంగా క్లినిక్ పెట్టుకుందని కనుక్కుని వెళ్లాను. బెంచీ నిండా మనుషులు. అదే నవ్వు. సిగ్గు విడిచి రాస్తున్నాను, చెప్పడానికే వెళ్లినవాణ్ని, ఆ బెంచీ చూడగానే మళ్లీ కుళ్లుకున్నాను.

అంతా చెప్పాను.

"ఇన్నేండ్లు చీఫ్‌ను తిట్టుకున్న సార్. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలె," అంది. "నేను మీకేం చేసిన?"

"ఏమీ చేయలేదు. నీ గదిలో నవ్వేవాళ్లు."

"గంతేనా?"

"అంతే."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. "నాకు చెప్పుడు సరే. తాతకు చెప్పిన్రా?" అంది.

"వెళ్లి చెప్తాను."

"ఆయనొక్కనికే చెప్తే ఏం ఫాయిదా? ఎవల ముంగట ఆయన మాట పోయిందో, వాళ్ల ముంగట చెప్పాలె. ముందుగాల నేను పోయి చూసొస్త. మళ్లొకసారి తప్పు మాట చెప్పొద్దు గదా."

తనే నార్సింగి వెళ్లి రెండు దఫాలు కూర్చుని పరీక్షించింది. వయసుతో వచ్చే మందగింపు తప్ప జబ్బేం లేదని ఫోన్ చేసింది. పెత్రమాస నాడు పాలోళ్లంతా ఆ ఇంట్లో అన్నానికి వస్తారని, ఆ రోజే వెళ్లమని కూడా చెప్పింది.

వెళ్లాను. కింది వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. భోజనాలు అయ్యాయి. పదిహేను ఇరవైమంది మగవాళ్లు, ఆడవాళ్లు తలుపు దగ్గర. సత్తయ్యగారు ఓ మూలన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ ఆయన చుట్టూ లేరు. నేను నిలబడే చెప్పాను. ఈయనకి మతి లేదని మేం చెప్పింది తప్పని, పరీక్ష కాగితం తప్పని, అది తప్పని నాకు అప్పుడే తెలుసని, తెలిసీ చెప్పలేదని, సమాధి విషయంలో ఆయన వద్దన్నది మతి ఉన్న మనిషి మాటేనని. నర్సింహ కింద కూర్చుండిపోయాడు.

పాలోళ్లలో ఒకాయన అన్నాడు, "అప్పుడు లేదంటివి. ఇప్పుడు ఉన్నదంటివి. వచ్చే యేడు మళ్లొచ్చి ఏమంటవు సారూ?"

"ఆగు మల్లేశా," అన్నాడు సత్తయ్యగారు. అందరూ ఆగారు. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వెళ్లి చాప మీద ఎదురుగా కూర్చోబోయాను. పక్కకి చూపించాడు. పక్కనే కూర్చున్నాను.

"వాళ్లకు చెప్పినవ్, ఇన్న. ఇప్పుడు నాకు చెప్పు."

"మీరు నన్ను క్షమించాలండి. నా వల్ల మీకు జరిగిన..."

"గదేంది," అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "గది కాయితం మాట. నాకు సమజయ్యేటట్టు చెప్పు. ఎందుకు జేసినవ్?"

పెద్దవాళ్లని నువ్వు అనడం తప్పని నేర్పిన ఇంట్లో పుట్టాను. ఆ తప్పు పేరుతోనే ఒక పిల్లని మందలింపు తినిపించాను. ఆయన చెయ్యి చెవి దగ్గర అలాగే ఉంది.

"తప్పయింది పెదనాయనా," అన్నాను. "నీకు మతి ఉన్నది. ఆలుగడ్డ అన్నప్పుడే నాకు తెలుసు. ఆ పిల్లంటే కుళ్లు నాకు. ఆ కుళ్లుతో నీ నోరు మూయించాను. నన్ను మాఫ్ చెయ్యి."